తలుపు చప్పుడు

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవుండదు.
అక్టోబరు వస్తే మున్సిపాలిటీవాళ్ళు
కూడలిలో స్తంభానికీ స్తంభానికీ తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.

పీతల ఫ్యాక్టరీ యూనియన్ హాల్లో
కుర్చీలు వేసేదీ, టీ కాచేదీ, దీపాలార్పేదీ నేనే.
ఆ సాయంత్రం డాక్టర్ యాస్నా మిహొవిలోవిచ్ వచ్చింది,
చంకలో లాప్‌టాప్, చేతిలో కరపత్రాల కట్ట.
ముప్ఫై ఒక్కమంది. అందులో సగం టీ కోసం.

మొదటి బొమ్మ మెదడు.
రెండో బొమ్మ మెదడు లోపలి మెదడు.
మూడోదాంట్లో ఒక మాట ఉంది,
తెర ఈ చివరనుంచి ఆ చివరిదాకా.
దాన్ని ఆవిడ రెండుసార్లు పలికింది.
చేతులకింకా ఉప్పునీటి వాసన వదలనివాళ్ళు
మర్యాదగా తలలూపారు,
అర్థం కానప్పుడు ఊపినట్టు.

అప్పుడు కొట్టుకుంది తలుపు.
గాలి దాన్ని గోడకేసి బాదింది.
ముప్ఫై ఒక్క కుర్చీలూ ఒక్కసారి కిర్రుమన్నాయి.
ఎవరో తిట్టారు, ఎవరో నవ్వారు,
హాలు మళ్ళీ ఊపిరి తీసుకుంది.

వెనక వరసలో నొల్బెర్తో మాత్రం తీసుకోలేదు.
యాభై ఏళ్ళవాడు, పడవని ఒంటిచేత్తో ఒడ్డుకి లాగేవాడు.
కుర్చీ అంచు పట్టుకున్న వేళ్ళు
తెల్లగా, అలాగే.

డాక్టరు చూసింది. చూడనట్టే
లాప్‌టాప్ మూసేసింది.

"గుండెమీద చెయ్యి పెట్టుకోండి" అంది.
"ఇప్పుడు మీలో జరిగిందే నా పాఠమంతా.
చప్పుడైతే ఒళ్ళు పరుగుకి లేస్తుంది. మంచిదే.
తలుపేనని తెలిశాక దిగుతుంది. అదింకా మంచిది.
చంటిపిల్లకి దిగడం రాదు.
ఎవరో ఎత్తుకుని, వీపు నిమిరి, దించాలి.
దించగా దించగా దానికే వస్తుంది.
ఎత్తుకోవాల్సిన చెయ్యే తలుపు బాదేదైతే?
రాత్రికి మూడుసార్లు, ఏళ్ళ తరబడి?
ఒళ్ళు వెర్రిది కాదు, లెక్క వేస్తుంది:
దిగి మళ్ళీ ఎక్కడం దేనికి, పైనే ఉంటే సరి.
అలా ఉండిపోయినవాళ్ళు
నిద్రలో కూడా నిలబడే ఉంటారు.
నలభైకే గుండె అలిసిందన్నా,
చిన్నమాటకి చెయ్యి లేచిందన్నా,
పొగరని మీరంటారు. పాత కాపలా అని నేనంటాను.
ఒప్పని అనడం లేదు."

ఎర్మిందా బర్రియా లేచింది,
ముప్ఫై ఏళ్ళుగా పీతల్ని ఉడకబెట్టే మనిషి.
"ఆసుపత్రిలో పది ప్రశ్నల కాగితం ఇచ్చారు.
నాకు ఏడొచ్చాయి.
బళ్ళో ఎప్పుడూ అన్ని మార్కులు రాలేదు.
తొందరగా పోతానా?"
నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు.

టీ పాత్ర వెనక నేనూ వేళ్ళు మడిచాను.
నాలుగు దగ్గర ఆగి, ఐదోది విప్పేశాను.

"ఆ లెక్క వెయ్యిమంది సంగతి చెబుతుంది,
ఒక్కరి జాతకం చెప్పదు.
నూట ఇరవై కిలోమీటర్ల గాలి అని రేడియో అంటే
ఫలానా ఎర్మిందా పడిపోతుందని కాదుగా.
మీ బరువెంత, ఏ బూట్లు తొడిగారు,
చేతికందే దూరంలో తాడుందా,
అవేవీ అందులో లేవు."

"తాడు" అంది ఎర్మిందా, నెమ్మదిగా.
"మా మేనత్త రొట్టెలకి పిండి పిసుకుతూ
నన్ను బల్లమీద కూచోబెట్టుకునేది.
ఏమీ అడిగేది కాదు."
"అదే" అంది డాక్టరు. గొంతు కాస్త పట్టేసింది.
"దానికి మా పుస్తకాల్లో పెద్ద పేరుంది. వద్దులెండి."

గుమ్మం దగ్గర కుర్రాడెవరో అడిగాడు:
కూడలిలో సరే, ఇళ్ళల్లో తాళ్ళెవరు కడతారని.
జవాబు ఆవిడ దగ్గర పూర్తిగా లేదు.
జీతాలంది, రాత్రి షిఫ్టులంది,
పిల్లల్ని చూసే చోటు ఒకటి కావాలంది.
మేనేజరు గడియారం చూసుకున్నాడు.

కోట్ల బొత్తాలు పెట్టుకుంటూ అందరూ వెళ్ళారు.
నొల్బెర్తో ఆగాడు.
"దిగడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, మామూలువాళ్ళకి?"
అడిగింది నన్ను, డాక్టర్ని కాదు.
నాకేం తెలుసు, టీ కాచేవాణ్ణి.
"నాకైతే చాలాసేపు" అన్నాను.
తలూపాడు,
అర్థమైనప్పుడు ఊపినట్టు.

కుర్చీలో మిగిలిన కరపత్రం తీసి,
ఆ పొడుగాటి మాటని నాలుగు మడతలు పెట్టి
తలుపుకీ చట్రానికీ మధ్య దూర్చాడు.
ఓసారి ఊపి చూశాడు.
కదల్లేదు.